రెండు లెక్కల ఏడాది

మా పెద్దమ్మాయి 1995 జూలైలో శ్రీకాకుళంలో పుట్టింది. ఆ ఏడాది పొడుగునా మా ఇంట్లో రెండు లెక్కలు నడిచాయి. ఒకటి ఆసుపత్రివారు చేతికిచ్చిన టీకాల కార్డుది, రెండోది మా నాయనమ్మది. కార్డులో వారాలు, నెలలు, బరువులు ఉండేవి. నాయనమ్మ లెక్కలో పురుడు, ఉయ్యాల, అమావాస్యలు, బేసి నెలలు, బోర్లా పడటాలు, గడప దాటటాలు ఉండేవి. ఈ రెండు లెక్కలకూ నడుమ నేనున్నాను. డిగ్రీ చదివానన్న పేరే గాని, పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి ఎలా వేయాలో అప్పటివరకూ ఎరగను.

కాన్పు ప్రభుత్వాసుపత్రిలోనే అయింది. బిడ్డ రెండున్నర కిలోలు దాటి ఉంది గనుక భయం లేదని నర్సమ్మ చెప్పింది. నాయనమ్మ మొదటి పట్టు అక్కడే పట్టింది. ముర్రుపాలు చిక్కగా, పసుపు రంగులో ఉంటాయి గనుక వాటిని పిండి పారబోసి, మూడో నాటి నుంచి బిడ్డను రొమ్ముకు పట్టడం ఆమె కాలపు పద్ధతి. అంతదాకా పంచదార నీళ్ళో, ఆముదం చుక్కో నాకించేవారట. ముర్రుపాలే బిడ్డకు మొదటి టీకా అని, వాటిని పారబోస్తే ఊరుకునేది లేదని నర్సమ్మ గట్టిగానే అంది. "నాను ఏడుగుర్ని కన్నానమ్మా, నాకు సెప్తావేటి" అంది నాయనమ్మ. "ఏడుగురిలో ఎంతమంది దక్కారు?" అని అడిగింది నర్సమ్మ. దక్కింది నలుగురు. ఆ మాట అలా అడగవలసింది కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది. నాయనమ్మ మాత్రం కోపం తెచ్చుకోలేదు. కాసేపు ఊరుకుని, తనే బిడ్డను తీసి నా ఒళ్ళో పెట్టింది. అప్పటి నుంచి పాల విషయంలో ఆసుపత్రి మాటే చెల్లుబాటైంది. నీళ్ళు పోయడం విషయంలో మాత్రం ఏ డాక్టరు మాటా చెల్లలేదు.

పొత్తిళ్ళ గుడ్డలన్నీ మా తాతగారి పాత పంచెలే. మా నాన్నగారి ఊరు పొందూరు దగ్గర. తాతగారు బతికినన్నాళ్ళూ పొందూరు ఖద్దరు తప్ప మరొకటి కట్టలేదు. ఆ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, నలకలన్నీ తీసి, చేత్తో సన్నగా వడుకుతారు. కొత్తలో కాస్త బిరుసుగా ఉన్నా, ఏళ్ళ తరబడి ఉతికి ఆరేసిన పంచె పసిదాని ఒంటికి ఎక్కడా గరుకు తగలదు. నాయనమ్మ తన పెట్టెలో దాచుకున్న పంచెలను ఒక్కొక్కటే తీసి, అంచు పట్టుకుని చించుతుంటే, మా అమ్మ "అయ్యో, అదుంచత్తా" అని అడ్డుపడబోయేది. "ఆయన కట్టి ఏటి సేస్తాడిప్పుడు" అనేది నాయనమ్మ, చించడం ఆపకుండానే. జూలై ఆగస్టు ముసురులో గుడ్డలు ఆరేవి కావు. వంటింట్లో పొయ్యి మీదుగా తాడు కట్టి ఆరబెట్టేవాళ్ళం. అందుకే ఆ రెండు నెలల్లో మా పాప ఒంటి నుంచి ఆముదమూ, సాంబ్రాణీ, కట్టెల పొగా కలిసిన వాసన వచ్చేది.

నీళ్ళు పోయడం గురించి కొంచెం వివరంగా రాయాలి. ఇప్పటి పిల్లల తల్లులు టబ్బుల్లో స్నానం చేయించడం చూస్తున్నాను గాని, నాయనమ్మ చేతిలో ఆ పని పూర్తిగా వేరు. పెరట్లో గోడ వారగా పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి మడుచుకుని, రెండు కాళ్ళూ చాపి కూర్చునేది. బిడ్డను ఆ కాళ్ళ మీద, తల పాదాల వైపు ఉండేటట్టు వెల్లకిలా పడుకోబెట్టేది. ముందుగా మాడు మీద గోరువెచ్చని ఆముదం పెట్టి, రెండు వేళ్ళతో మెల్లగా అద్దేది. మాడు ఇంకా పూడలేదు గనుక అక్కడ నాడి కొట్టుకోవడం కంటికి కనిపించేది. నాకది చూడాలంటే భయం వేసేది. ఆమె మాత్రం ఆ చోటును బాగా ఎరిగినట్టు, ఎక్కడ నొక్కాలో ఎక్కడ తాకీ తాకనట్టు పోవాలో తెలిసిన వేళ్ళతో పని చేసేది. ఆ తర్వాత చేతులు, కాళ్ళు, వీపు. కుడి చేతిని ఎడమ కాలితో, ఎడమ చేతిని కుడి కాలితో కలిపి వంచేది. ముక్కు నిలబడాలని బొటనవేలితో సవరించేది. పెసరపిండి నలుగు పెట్టి, బోర్లా తిప్పి, చెంబుతో నీళ్ళు వీపు మీద ధారగా పోసేది. పిల్ల మొదట గుక్కపట్టి ఏడ్చి, నీళ్ళ ధార మొదలవగానే ఊరుకునేది. చివరి చెంబు తల చుట్టూ తిప్పి పారబోసేది. ఒళ్ళు తుడిచి సాంబ్రాణి పొగ చూపించి పొత్తిళ్ళలో చుట్టి ఇస్తే, పాలు తాగుతూ తాగుతూనే నిద్రలోకి జారుకునేది.

ఆసుపత్రివారు రెండు విషయాలు మాత్రం గట్టిగా వద్దన్నారు: ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు, కంట్లో కాటుక పెట్టకూడదు. నూనె చుక్కలు నేను మాన్పించాను. కాటుక దగ్గర రాజీ కుదిరింది. కంట్లో పెట్టకుండా, బుగ్గ మీద, అరికాలి మీద దిష్టిచుక్క పెట్టుకోవచ్చని ఒప్పుకున్నాం. నాయనమ్మ ఆ రాజీని మనసారా ఒప్పుకోలేదు గనుక, ఆ చుక్కను బిళ్ళంత చేసి పెట్టేది.

బాలింతగా నా పథ్యం సంగతి చెప్పుకుంటే నవ్వు వస్తుంది. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, పచ్చి బొప్పాయి కూర, మునగాకు వీటితోనే రోజులు గడిచాయి. వారానికోసారి కళింగపట్నం వైపు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలావిడ వచ్చేది. ఆమె తట్టలో పాలసొర ఉందంటే ఆ రోజు నాకు పండగ. పాలు పడటానికి పాలసొరను మించింది లేదని మా వైపు అందరి నమ్మకం. ఉడికించి, ముళ్ళు తీసి, పసుపూ వెల్లుల్లీ వేసి పొడిపొడిగా చేసిన ఆ పుట్టుకు ఇప్పటికీ నోరూరుతుంది. అది నిజంగా పాలు పెంచుతుందో లేదో గాని, అన్నం మాత్రం ఇంకో ముద్ద ఎక్కువ లోపలికి పోయేది. అసలు చిక్కు మంచినీళ్ళ దగ్గర వచ్చింది. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇస్తే ఒళ్ళు నీరు పడుతుందని నాయనమ్మ చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. పాలిచ్చే తల్లి దాహం వేసినప్పుడల్లా తాగాలని నర్సమ్మ చెప్పింది. మా అమ్మ ఎవరితోనూ వాదించని మనిషి. రాత్రి నాయనమ్మ పడుకోగానే, కాచి చల్లార్చిన నీళ్ళు చెంబుతో తెచ్చి నా మంచం కింద పెట్టి వెళ్ళేది.

కార్డు లెక్క ప్రకారం పుట్టగానే ఎడమ భుజానికి బీసీజీ వేశారు. కొన్ని వారాలకు అక్కడ చిన్న బొబ్బ లేచి చీము పట్టింది. నాయనమ్మ వేపాకూ పసుపూ నూరి సిద్ధంగా పెట్టుకుంది. అది అలా లేచి, తనంత తానే మాని మచ్చ పడాలనీ, దాని మీద ఏదీ రాయకూడదనీ ముందే చెప్పి పంపారు గనుక, ఆ ముద్ద నా కాలి పగుళ్ళకు ఉపయోగపడింది. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం మూడుసార్లు డీపీటీ సూది, పోలియో చుక్కలు. సూది వేసిన ప్రతిసారీ సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. తడిగుడ్డతో తుడుస్తూ, జ్వరం మందు చుక్కలు లెక్కపెట్టి వేస్తూ రాత్రంతా కూర్చునేవాళ్ళం. నాయనమ్మ ఒక వంక ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. "ఈది ఈదంతా సూసినారు గుంటని, దిష్టి తగల్దేటి" అనేది. తెల్లవారేసరికి జ్వరం దిగేది. ఎవరి వైద్యం వల్ల దిగిందో అన్న చర్చ మా ఇంట్లో ఎన్నడూ తేలలేదు.

మా వారు విజయనగరం దగ్గర బడిపంతులు. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రికి వెళ్ళిపోయేవారు. వచ్చినప్పుడల్లా బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి, పక్కన కూర్చుని వేలు అందించేవారు. పాప ఆ వేలు పట్టుకుంటే బస్సు వేళ దాటుతున్నా కదిలేవారు కారు. మధ్యలో ఇన్‌లాండు కవరులో ఉత్తరాలు రాసేవారు. వాటిలో నా క్షేమం ఒక వాక్యం, మిగిలినదంతా పాప ఎన్ని గంటలు నిద్రపోయింది, ఎటు తిరిగి చూస్తోంది అన్న ప్రశ్నలు.

సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త మా గుజరాతీపేట వీధికీ వచ్చింది. సాయంత్రానికి ఏ ఇంట్లోనూ కాఫీకి పాలు లేవు. మా పాపకు అప్పుడు మూడో నెల. గుడికి వెళ్ళి వచ్చిన నాయనమ్మ పాపను చూసి "నీ పాలకి లోటు నేదులే" అని మురిసిపోయింది. ఆ మరుసటి నెలలో, దీపావళి తెల్లవారి, అక్టోబరు 24న సూర్యగ్రహణం పట్టింది. ఉత్తరాదిన కొన్నిచోట్ల సంపూర్ణం, మనకు పాక్షికం. తలుపులు, కిటికీలు మూసి, నీళ్ళబిందెల మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, గ్రహణం విడిచేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదన్నారు. నాన్నగారు మాత్రం దూరదర్శన్‌లో ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నారు. సరిగ్గా ఆ సమయంలోనే పాప ఆకలికి లేచి ఏడుపు లంకించుకుంది. నేను నాయనమ్మ ముఖం వైపు చూశాను. నిష్ఠ విషయంలో ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "పసిగుంటకి గ్రహణమేటి, పాలియ్యి" అంది. ఆచారాన్ని ఎక్కడ సడలించాలో ఆచారం బాగా తెలిసినవాళ్ళకే తెలుస్తుందని నా అభిప్రాయం. చదువుకున్న మా అత్తవారి తరఫు బంధువు ఒకావిడ, తర్వాత ఆ సంగతి విని, నెల రోజుల పాటు పెదవి విరిచింది.

ఐదో నెలలో, పుష్యమాసం రాకముందే, బిడ్డను అత్తవారింటికి తీసుకువెళ్ళాలని నిర్ణయించారు. శ్రీకాకుళం పేరున్న రైల్వేస్టేషను ఊళ్ళో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. పెట్టె, ఊయల గుడ్డ, పంచెల మూట, పప్పుచెక్కల డబ్బా, పొత్తిళ్ళలో పాప. జీపు మాట్లాడుకుని స్టేషనుకు చేరి పాసింజరు ఎక్కాం. నాయనమ్మ మాతో పాటు పొందూరు దాకా వచ్చింది, అక్కడ దిగి ఊరికి వెళ్ళిపోతానని. బండిలో ఆ కాసేపూ పాప ఆమె ఒళ్ళోనే ఉంది. ఎదురు బల్ల మీది పల్లెటూరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే పలకరించి, ఎన్నో నెల, ఎన్ని పళ్ళు, తల్లిపాలేనా, పేరేమిటి అని అడుగుతుంటే, ప్రతి ప్రశ్నకూ నాయనమ్మే జవాబు చెప్పింది. పొందూరులో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే. పాపను నా చేతికిచ్చి, "మాడు మీద సమురు మానకు" అని ఒక్క మాట చెప్పి దిగి, వెనక్కి తిరిగి చూడకుండా ప్లాట్‌ఫారం దాటి వెళ్ళిపోయింది. చీపురుపల్లి దాటేవరకూ నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

విజయనగరంలో మా అత్తవారిల్లు గంటస్తంభానికి నాలుగు వీధుల అవతల. అక్కడ మూడో లెక్క ఒకటి మొదలైంది, అది మా అత్తగారిది. ఆమెకు పైడితల్లమ్మ తర్వాతే ఎవరైనా. మేము వెళ్ళిన కొద్ది రోజులకే, 1995 డిసెంబరు 9న, దేశమంతటా మొదటిసారి పల్స్ పోలియో చుక్కలు వేశారు. ఆ మొదటి ఏడాది మూడేళ్ళలోపు పిల్లలకే వేశారు. మూడుసార్లు వేయించిన చుక్కలు మళ్ళీ ఎందుకని అత్తగారికి అనుమానం. పక్కవీధి బడిలో బల్ల వేసుకుని కూర్చున్న ఆరోగ్య కార్యకర్త ఓపికగా చెప్పింది. పిల్లలందరికీ ఒకే రోజున వేస్తే, ఆ పురుగుకు తలదాచుకోవడానికి ఒక్క కడుపైనా మిగలదని ఆమె అన్న మాట మా అత్తగారికి బాగా నచ్చింది. ఆ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళకు అదే మాట తన మాటగా చెప్పారు. రెండో విడత జనవరి 20న. దానికి రెండు రోజుల ముందే ఎన్టీఆర్ కన్నుమూశారు. మా మావగారు ఆ రెండు రోజులూ టీవీ ముందు నుంచి కదలలేదు, సరిగా అన్నం కూడా తినలేదు. చుక్కల రోజున మాత్రం లేచి, కండువా భుజాన వేసుకుని, మనవరాలిని తనే ఎత్తుకుని తీసుకువెళ్ళారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో పోలియో కేసు రాలేదని, 2014లో భారతదేశాన్ని పోలియోరహితమని ప్రకటించారని చదివినప్పుడు, నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ కండువాయే.

సంక్రాంతికి భోగిపళ్ళు పోశారు. రేగుపళ్ళు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు తల మీది నుంచి జారుతుంటే పాప ఒక్కటీ వదలకుండా నోట్లో పెట్టుకోబోవడం, నేనూ ఆడబిడ్డా వేళ్ళు పెట్టి తీయడం, ఆ పేరంటమంతా అదే పని. అన్నప్రాశన ఆడపిల్లకు బేసి నెలలో చేస్తారు గనుక ఐదో నెలలోనే చేయాలని అమ్మ, ఏడో నెలలో చేస్తే మాఘమాసం కలిసి వస్తుందని అత్తగారు. బిడ్డకు తల్లిపాలు సరిపోతున్నప్పుడు తొందరేమిటని డాక్టరు. ఏడో నెల ఖాయమైంది. పళ్ళెంలో పుస్తకం, కలం, బంగారు గొలుసు, చిన్న కత్తి, పూలు, అన్నం గిన్నె పెట్టి పాపను వదిలితే, అది వాటిలో దేన్నీ ముట్టకుండా, వంగి చూస్తున్న మావగారి కళ్ళజోడు లాగేసుకుంది. మావగారు దాన్ని న్యాయవాద వృత్తికి సూచనగా చెప్పారు. అది ఇప్పుడు బ్యాంకులో పని చేస్తోంది.

ఆ తర్వాత చోడి జావ. మా వైపు రాగుల్ని చోళ్ళంటాం. కడిగి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మొలకలు రప్పించి, నీడన ఆరబెట్టి, కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, విసిరి, పలచని గుడ్డలో జల్లించేవాళ్ళం. మొలకెత్తించిన పిండితో కాస్తే జావ గట్టిపడదు. అంటే అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పట్టి, బిడ్డకు బలం ఎక్కువ అందుతుంది. ఈ సంగతి అంగన్‌వాడీ టీచరు చెప్పింది. ఆమె కేంద్రంలో దూలానికి వేలాడదీసిన స్ప్రింగు త్రాసు ఉండేది. దాని కొక్కేనికి గుడ్డ జోలె తగిలించి, అందులో పాపను కూర్చోబెట్టి బరువు తూచి, పట్టికలో చుక్క పెట్టేది. గీత పైకి పోతున్నన్నాళ్ళూ మా అత్తగారు ఆ కార్డును నలుగురికీ చూపించేవారు. పళ్ళు వచ్చే రోజుల్లో విరేచనాలు పట్టుకుని గీత కాస్త దిగితే, కార్డును పప్పుల డబ్బా వెనక దాచేశారు.

తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా వేయించాలి. అప్పటికి ఏప్రిల్ వచ్చి ఎండలు ముదిరాయి. తట్టు అంటే అమ్మవారు పోయడమేనని, ముందుగా అమ్మవారి అనుమతి తీసుకోవాలని అత్తగారు పట్టుబట్టారు. పొద్దున్నే పైడితల్లమ్మ గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, అట్నుంచి అటే ఘోషాసుపత్రికి వెళ్ళాం. సూదితో పాటు చెంచాడు విటమిన్ ఏ మందు కూడా పోశారు. ఆ మందు చప్పరించి పాప మూతి ముడిచిన తీరు చూసి వరుసలోని తల్లులందరూ నవ్వారు. తిరిగి వస్తూ మళ్ళీ గుడి ముందు రిక్షా ఆపించి, "వేయించాం తల్లీ" అని చెప్పుకున్నారు మా అత్తగారు.

ఇక వంటింటి లెక్క. బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. ఇంటింటికీ కొంచెం తేడా ఉన్నా, ఏదో ఒకటి వండి వీధిలో పంచడం మాత్రం అంతటా ఉంది. నాకు వీటిలో ఏ టీకాకూ లేని సౌకర్యం కనిపించేది. పిల్ల ఏం చేసినా తల్లికి తీపి దొరుకుతుంది. పుట్టింట్లో అయిన బోర్లా పడటం ఇక్కడ చెల్లదని అత్తగారు ఇంకోసారి బొబ్బట్లు వండించారు. ఎవరమూ అభ్యంతరం చెప్పలేదు.

అడుగులు మాత్రం తొందరగా రాలేదు. మంచం పట్టె పట్టుకుని నిలబడేది, చెయ్యి వదిలితే కూలబడేది. 1996 జూలైలో, పుట్టినరోజుకు ముందు రోజు, నాయనమ్మ పొందూరు నుంచి బస్సులో వచ్చింది, స్టీలు డబ్బా నిండా అరిసెలతో. అడుగులు వేయకుండా అరిసెలేమిటని అత్తగారు నవ్వారు. "నానొచ్చినాను కదా, ఏస్తాది" అంది నాయనమ్మ. ఆ వెంటనే పీట అడిగి, పెరట్లో కాళ్ళు చాపి కూర్చుంది. ఏడాది పిల్ల ఇప్పుడు ఆ కాళ్ళ మీద పట్టేది కాదు. పాదాలు అవతల వేలాడాయి, చేతులతో చెంబు లాక్కుంది, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. మర్నాడు పేరంటాళ్ళు వచ్చారు, హారతి ఇచ్చారు, పాప ఒక్క అడుగూ వేయలేదు. నాయనమ్మ అరిసెలు మాత్రం పంచేసింది. రెండు రోజులు ఉండి వెళ్ళమంటే వినలేదు. నారుమడి ముదిరిపోతోందని, కూలీలు మళ్ళీ దొరకరని, ఊడ్పులు అయ్యాక వస్తానని చెప్పి, సాయంత్రం పాసింజరుకే వెళ్ళిపోయింది. పాప ఆ వారంలోనే నడిచింది. ఆ సంగతి కార్డు మీద రాశాను గాని, నాయనమ్మకు కార్డు ముక్క రాయడం పది రోజులు ఆలస్యమైంది. దానికి ఆమె మా నాన్నగారి చేత జవాబు రాయించింది: నాకు అప్పుడే తెలుసునని, డబ్బా మాత్రం జాగ్రత్తగా తిరిగి పంపమని.